పీ బేసా... జే బేసా? ముందు డ్రమ్మర్‌ని అడగండి!

నాలుగు తీగలు, రెండు మోడళ్లు, అరవై ఏళ్లు దాటిన వాదన. మొదటి బేస్ గిటార్ కొనాలనుకునేవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఇంతకీ షాపులో బాగా మోగింది బ్యాండ్‌లోనూ అలాగే మోగుతుందా?

ముందో చిన్న పని చేయండి. ఫోన్‌లో ‘గీతాంజలి’ (1989) పాటల్లో ఏదో ఒకటి పెట్టండి. ఒకసారి ఫోన్ స్పీకర్‌లోనే వినండి. తర్వాత మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అదే పాట మళ్లీ వినండి. రెండోసారి కింద నుంచి ఏదో నడుస్తూ ఉంటుంది. పాట వెంటే వెళ్తుంది కానీ పాట పాడదు. మధ్యలో తన దారిన ఓ చుట్టు తిరిగొచ్చి సరిగ్గా తాళం దగ్గర కూర్చుంటుంది. అదే బేస్. ఇళయరాజా పాటల్ని చిన్నప్పటి నుంచీ వింటున్నవాళ్లలో కూడా చాలామంది దాన్ని విన్నారే తప్ప గమనించలేదు.

ఇందులో ఫోన్ తప్పేం లేదు. బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ ‘ఈ’. దాన్ని ఊరికే మీటితే సెకనుకు దాదాపు 41 సార్లు ఊగుతుంది. అంత కింది శబ్దాన్ని పలికించడం వేలెడంత స్పీకర్ వల్ల కాదు.

ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, ‘పీ బేస్ వర్సెస్ జే బేస్’ వీడియోలు ఫోన్ స్పీకర్‌లో చూసి గిటార్ కొనేసేవాళ్లున్నారు. నేనూ అలాగే కొన్నా.

నా 14 వేల కథ

కాకినాడలో ఇంజినీరింగ్ మూడో ఏడు. బ్యాండ్‌లో అయిదుగురం. అందులో ముగ్గురికి గిటార్ వచ్చు. అందరికంటే తక్కువ వచ్చింది నాకే కాబట్టి బేస్ నాకు అంటగట్టారు. (బేసిస్టుల్లో సగం మంది కథ ఇదే. కావాలంటే అడిగి చూడండి.) జూనియర్లకు మ్యాథ్స్ ట్యూషన్ చెప్పి దాచుకున్న డబ్బు 14 వేలు ఉంది. సెకండ్‌హ్యాండ్‌లో రెండు గిటార్లు కనిపించాయి. ఒకటి పీ మోడల్, ఇంకోటి జే మోడల్. రెండూ ఒరిజినల్ ఫెండర్లు కావు, వాటి కాపీలే.

రెండూ వాయించి చూశా. పీ మోడల్ ‘దబ్బు దబ్బు’మని ఒకటే రకంగా మోగింది. దానికున్నవి ఒక వాల్యూమ్ నాబ్, ఒక టోన్ నాబ్, అంతే. జే మోడల్‌కి మూడు నాబ్‌లు. రెండు పికప్‌లూ ఫుల్‌గా తిప్పి బొటనవేలితో కొడితే గాజు గ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు మోగింది. ఇంకేం ఆలోచించలేదు. జేబు ఖాళీ చేసి జే తీసుకున్నా.

ఫెస్ట్ రోజు స్టేజీ ఎక్కాం. నాలుగు పాటలు వాయించాం. కిందికి దిగగానే మా మామయ్య కొడుకు ఎదురొచ్చి, ‘బావా, అసలు నువ్వు ప్లగ్ పెట్టుకున్నావా?’ అన్నాడు. వాడు వెటకారానికి అనలేదు. నిజంగానే అడిగాడు.

సౌండ్ చూసే అన్నకి జాలేసినట్టుంది. వైర్లు చుడుతూ ఓ మాట చెప్పాడు. ‘తమ్ముడూ, నీది కింద బూమ్మంటోంది, పైన టింగుమంటోంది. మధ్యలో ఏమీ లేదు. జనం వినేది ఆ మధ్యలోదే కదా.’

ఆ మాట అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది. అర్థమయ్యాక తెలిసిందేంటంటే... పీ, జే గొడవ మొత్తం ఆ ఒక్క మాటలోనే ఉంది.

వీణకు ఉన్నట్టే మెట్లు

ఈ రెండు గిటార్ల వెనకా ఉన్న మనిషి ఒక్కరే. పేరు లియో ఫెండర్. అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే షాపు నడిపాడు. అంతకుముందు చేసింది అకౌంట్స్ ఉద్యోగం. తమాషా ఏంటంటే, ఆయనకు గిటార్ వాయించడం రాదు.

1950ల దాకా బ్యాండ్లలో బేస్ అంటే డబుల్ బేస్. మనిషి కంటే ఎత్తుగా, నిలబెట్టి వాయించే వాయిద్యం. బస్సులో పట్టదు. ట్రంపెట్లూ డ్రమ్సూ మొదలయ్యాక వినిపించదు. పైగా వయొలిన్‌లాగే దానికీ మెట్లుండవు. వేలు వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే స్వరం తప్పుతుంది. లియో 1951 చివర్లో దీన్ని చిన్న చెక్కలోకి దించాడు. మెడలో వేసుకుని వాయించొచ్చు, యాంప్లిఫయర్‌కి పెట్టుకోవచ్చు. వీణకు ఉన్నట్టు మెట్లు ఉన్నాయి కాబట్టి, వేలు మెట్టు వెనక ఎక్కడ పడినా స్వరం కచ్చితంగా పలుకుతుంది. ఆ ‘కచ్చితంగా’నే ఇంగ్లిష్‌లో ప్రెసిషన్. అలా దాని పేరు ప్రెసిషన్ బేస్ అయింది. ముద్దుగా పీ బేస్. ఇప్పుడు మనం చూసే రూపం మాత్రం 1957లో వచ్చింది.

1960లో అదే కంపెనీ రెండో బేస్ తెచ్చింది. నడుము కాస్త పక్కకు జరిగినట్టుండే బాడీ, సన్నటి మెడ, ఒకటికి రెండు పికప్‌లు. జాజ్ వాయించేవాళ్లు కొంటారన్న ఆశతో జాజ్ బేస్ అని పేరు పెట్టారు. కొన్నది మాత్రం రాక్ వాళ్లు, ఫంక్ వాళ్లు, రెగె వాళ్లు! కాబట్టి పేరు చూసి మోసపోకండి. జాజ్ బేస్ కొంటే జాజ్ రాదు. ప్రెసిషన్ కొంటే శ్రుతి దానంతటది కుదరదు.

ఆ ‘మధ్య’ ఎక్కడికి పోయింది?

కాస్త సైన్స్. భయపడకండి, రెండు నిమిషాలే.

పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వెంట్రుకలాంటి రాగి తీగ చుట్టిన చిన్న డబ్బా. పైన గిటార్ తీగ ఊగితే ఆ రాగి తీగలో కరెంటు పుడుతుంది. అదే యాంప్‌లోకి వెళ్లి శబ్దమవుతుంది. పికప్ ఎక్కడుందన్నది చాలా ముఖ్యం. వీణ వాయించేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. తీగను చివరి దగ్గర మీటితే గరుకుగా, పదునుగా పలుకుతుంది. మధ్యకు జరిగేకొద్దీ గుండ్రంగా వస్తుంది.

పీ బేస్‌కి ఉన్నది ఒకే పికప్. దాన్నే రెండు ముక్కలు చేసి కాస్త ఎడంగా పెట్టారు. ఒక ముక్క లావు తీగలు రెండింటికి, ఇంకోటి సన్నతీగలు రెండింటికి. ఏ తీగ మీటినా ఒకే చోటు నుంచి వింటుంది. ఆ చోటులో అదృష్టమో, లియో చెవి గొప్పదనమో కానీ, కిందికీ మధ్యకీ నడుమ ఉండే శబ్దం బలంగా వస్తుంది. ఒంటరిగా వింటే అది ‘దబ్బు’మన్నట్టే ఉంటుంది.

జే బేస్‌కి రెండు పికప్‌లు. ఒకటి మెడ వైపు, ఒకటి తీగలు ముగిసే బ్రిడ్జ్ వైపు. రెండూ ఫుల్‌గా తిప్పితే ఒకే తీగను రెండు చోట్ల నుంచి వింటున్నట్టు. తీగలోని కొన్ని ప్రకంపనలు ఒక పికప్ దగ్గర పైకి ఊగుతున్నప్పుడు రెండోదాని దగ్గర కిందికి ఊగుతుంటాయి. కలిపేసరికి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అలా పోయేవాటిలో ఎక్కువ భాగం మధ్య శబ్దాలే. మిగిలేది కింద బూమ్, పైన టింగ్.

గదిలో ఒక్కరే కూర్చుని వింటే ఆ బూమ్-టింగ్ ఎంత అందంగా ఉంటుందో! నేను పడిపోయింది దానికే. కానీ స్టేజీ మీద కింద బూమ్‌ని డ్రమ్మర్ కాలికింది కిక్ డ్రమ్ మింగేస్తుంది. పైన టింగ్‌ని తాళాలూ గిటార్లూ మింగేస్తాయి. నా దగ్గర మిగిలిందే మధ్య... అది నేనే నాబ్ తిప్పి తీసేశా. షాపులో నాకు మొద్దుగా అనిపించిన పీ మోడల్‌కి ఆ మధ్యలో సొంత సీటుంది. గిటార్లు ఎంత అరిచినా అది లేవదు.

మరి జే తప్పా? కాదు. అక్కడే నాకు ఏడాది పట్టింది. ఏదో ఒక పికప్ వాల్యూమ్‌ని కొద్దిగా తగ్గిస్తే చాలు, కొట్టేసుకోవడం తగ్గి మధ్య శబ్దం తిరిగొస్తుంది. మెడ వైపుది ఫుల్‌గా ఉంచి వెనకది తగ్గిస్తే పీ బేస్ ఇంటి గడప దాకా వెళ్తుంది. వెనకదాన్ని ఫుల్ చేస్తే ముక్కుతో మాట్లాడినట్టు పదునుగా, ఒక్కో స్వరం విడివిడిగా వస్తుంది. పీలో ఇన్ని గొంతులు లేవు. దాని గొంతు ఒకటే, దాన్ని ఎవరూ ఆపలేరు. జేకి గొంతులు చాలా ఉన్నాయి, ఏది ఎప్పుడు వాడాలో మీకు తెలియాలి.

ఇంకో చిక్కుంది. జే బేస్‌లో రెండు పికప్‌లూ సమానంగా ఉన్నంతసేపే కరెంటు ‘గుయ్’ శబ్దం ఒకదానికొకటి రద్దవుతుంది. ఒకటి తగ్గిస్తే గుయ్ మొదలవుతుంది. పీలో రెండు ముక్కల్నీ ఎదురెదురుగా చుట్టారు కాబట్టి ఆ బాధ చాలా తక్కువ. ఎర్తింగ్ అంతంతమాత్రంగా ఉండే హాస్టల్ గదులూ ఫంక్షన్ హాళ్లలో వాయించే మనకు ఇది చిన్న విషయం కాదు. పనిలో పనిగా ఒక మాట: తీగల మీద చేయి ఉండగా మైక్ పెదవికి తగిలి జివ్వుమంటే, అది గిటార్ గొప్పదనం కాదు. ఎర్తింగ్ తప్పు. వెంటనే ఆపేసి వైరింగ్ చూపించండి. ప్రాణం మీదికొస్తుంది.

ఇద్దరు మనుషులు, రెండు దొంగతనాలు

పీ అంటే ఏంటో తెలియాలంటే జేమ్స్ జేమర్సన్‌ని వినాలి. డెట్రాయిట్‌లోని మోటౌన్ రికార్డుల కంపెనీలో స్టూడియో బేసిస్ట్. మొదట డబుల్ బేస్ వాయించేవాడు. తర్వాత 1962 నాటి పీ బేస్ పట్టుకున్నాడు. దాని మీద నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు. తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు. కుడి చేతి చూపుడువేలు ఒక్కటే వాడేవాడు. ఆ ఒక్క వేలితో 1960ల్లో అమెరికా మొత్తాన్ని డ్యాన్స్ చేయించాడు. కానీ ఆ రికార్డుల మీద వాయించినవాళ్ల పేర్లు వేసేవారు కాదు. రేడియోలో రోజూ వింటున్న ఆ బేస్ ఎవరిదో జనానికి తెలియదు. 1971లో మార్విన్ గే ఆల్బమ్ ‘వాట్స్ గోయింగ్ ఆన్’ మీద ఆయన పేరు పడింది. 1983లో 47 ఏళ్లకే పోయాడు. అంతకు కొద్దిరోజుల ముందు ఆ గిటార్‌ని ఎవరో ఎత్తుకెళ్లారు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఆయన్ని తీసుకున్నది 2000లో.

జే వైపు ఫ్లోరిడా కుర్రాడు జాకో పాస్టోరియస్. ఆయనదీ 1962 మోడలే! మెట్లు వద్దనిపించింది. తానే పీకేశానని, వెన్న రాసుకునే కత్తితో పీకానని చెప్పుకునేవాడు. ఆ సందుల్లో లప్పం నింపి, పైన పడవలకు వాడే ఎపాక్సీ పూత పూశాడు. ప్రపంచంలో అందరూ మెట్ల కోసం బేస్ గిటార్ కొంటుంటే ఈయన వాటిని తీసేసి మళ్లీ వయొలిన్ దారి పట్టాడన్నమాట. వెనక పికప్‌ని ఎక్కువగా పెట్టుకుని వాయిస్తే ఆ బేస్ మాట్లాడింది, ఏడ్చింది, పాడింది. 1976లో మొదటి సోలో ఆల్బమ్, మరుసటి ఏడు వెదర్ రిపోర్ట్ బ్యాండ్‌తో ‘హెవీ వెదర్’. బేస్ వెనక కూర్చునే వాయిద్యం అన్న మాట అక్కడితో చెల్లలేదు. ఆ గిటార్ 1986లో న్యూయార్క్‌లో పోయింది. మరుసటి ఏడాది జాకో కూడా పోయాడు, 35 ఏళ్లకే. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత ఆ గిటార్ న్యూయార్క్‌లోనే ఓ దుకాణంలో తేలింది. మెటాలికా బేసిస్ట్ రాబర్ట్ ట్రుజిల్లో డబ్బు పెట్టి దాన్ని విడిపించాడు.

ఈ ఇద్దర్నీ చూసి, పీ అంటే వెనక ఉండేవాడికి, జే అంటే ముందుకొచ్చేవాడికి అని రాసేసుకుంటారు చాలామంది. నేను ఒప్పుకోను. ఐరన్ మెయిడెన్ స్టీవ్ హారిస్‌ని చూడండి. గుర్రాలు పరిగెత్తినట్టు వాయిస్తాడు, బ్యాండ్‌కి నాయకుడు కూడా. చేతిలో ఉండేది పీ బేస్. ఇటు బాబ్ మార్లే వెనక నిలబడి ఆస్టన్ ‘ఫ్యామిలీ మ్యాన్’ బారెట్ నాలుగు స్వరాలతో భూమిని కదిపింది జే బేస్‌తో. లెడ్ జెప్లిన్‌లో జాన్ పాల్ జోన్స్‌దీ జే బేసే. బొటనవేలి దెబ్బకు పేరుపడ్డ మార్కస్ మిల్లర్‌దీ అదే.

చేతికి ఏది సరిపోతుంది?

తీగలు మొదలయ్యే చోట మెడ వెడల్పు జే బేస్‌కి 38 మిల్లీమీటర్లు. పీ బేస్‌కి సాధారణంగా 41 లేదా 42. మూడు నాలుగు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. రెండు గంటలు వాయించాక ఎడమ బొటనవేలి కింద కండ చెబుతుంది ఆ తేడా ఏంటో. వేళ్లు చిన్నవైతే, మామూలు గిటార్ నుంచి వస్తుంటే జే మెడ హాయిగా ఉంటుంది. అలాగని చిన్న చేతులవాళ్లు పీ వాయించలేరని ఎవరైనా అంటే నమ్మొద్దు. తీగ పొడవు రెండింటికీ ఒకటే, 34 అంగుళాలు. పైగా ఇప్పుడు సన్నమెడతో పీ మోడళ్లూ వస్తున్నాయి. కాబట్టి పేరు కాదు, చేయి పెట్టి చూడండి.

మధ్యేమార్గంగా ‘పీజే’ అని ఒకటుంది. పీ పికప్‌తో పాటు వెనక ఒక జే పికప్. రెండూ కావాలనుకునేవాళ్లకు బాగుంటుంది. నిజం చెప్పాలంటే నేను చూసిన పీజే వాళ్లలో చాలామంది వెనకది ఆపేసి పీ ఒక్కటే వాడుతున్నారు.

అమెరికాలో తయారైన కొత్త ఫెండర్ ఏదైనా లక్ష దాటుతుంది. మొదటి బేస్‌కి అంత అక్కర్లేదు. ఫెండర్‌దే స్క్వయర్ అనే చవక బ్రాండ్ ఉంది. మార్కస్ మిల్లర్ పేరుతో సైర్ కంపెనీ చేసేవి జే అభిమానులకు నచ్చుతాయి. సెకండ్‌హ్యాండ్ అయితే మెడ వంగిందేమో ఒక కన్ను మూసి తలవైపు నుంచి చూడండి. ప్రతి తీగ మీదా ప్రతి మెట్టూ నొక్కి, ఎక్కడైనా గరగరమంటోందేమో వినండి. నాబ్‌లు తిప్పేటప్పుడు చిటపటలాడితే బేరం ఆడండి, వదిలేయక్కర్లేదు. అది చిన్న రిపేరే.

అసలు పరీక్ష వేరే ఉంది. ఒంటరిగా వాయించి నిర్ణయం తీసుకోకండి. డ్రమ్మర్‌ని వెంట తీసుకెళ్లండి. కుదరకపోతే బ్లూటూత్ స్పీకర్‌లో మీ బ్యాండ్ వాయించే పాటే గట్టిగా పెట్టి, దానితో పాటు వాయించండి. మీరు కాదు, మీ స్నేహితుడు పదడుగుల దూరంలో నిలబడి వినాలి. ‘ఎక్కడ వాయిస్తున్నావో తెలుస్తోందా?’ అని అడగండి. ‘బాగుందా?’ అని అడగొద్దు. బాగుందనే అంటారు.

నన్నడిగితే, గిటార్లిద్దరు, కీబోర్డు, గట్టి డ్రమ్మర్ ఉన్న బ్యాండ్‌కి కొత్తగా చేరేవాళ్లకు పీ. పాడేవాళ్ల పక్కన తక్కువ వాయిద్యాలతో వాయించేవాళ్లకు, బొటనవేలి దెబ్బ నేర్చుకోవాలనుకునేవాళ్లకు జే. అప్పటికే ఒకటి కొనేశారా? రెండోది కొనే ముందు తీగలు మార్చి చూడండి. నున్నటి తీగలు వేస్తే జే కూడా గొంతు తగ్గిస్తుంది. కొత్త రౌండ్‌వౌండ్ తీగలు వేస్తే పీ కూడా గర్జిస్తుంది.

నా 14 వేల జే ఇంకా నా దగ్గరే ఉంది. ముందు నాబ్ ఫుల్, వెనకది సగానికి కాస్త పైన. అక్కడ గోరుతో ఓ గీత కూడా గీసుకున్నా.

ప్లగ్ పెట్టుకున్నావా అని అడిగిన మామయ్య కొడుకు ఇప్పుడు తనే బేస్ మొదలెట్టాడు. పోయిన ఆదివారం ఫోన్ చేశాడు.

‘బావా, పీ తీసుకోనా? జే తీసుకోనా?’

‘మీ డ్రమ్మర్‌ని తీసుకుని షాపుకి రా. నేనూ వస్తా.’

‘మాకింకా డ్రమ్మర్ దొరకలేదు బావా.’

‘అయితే ముందు వాణ్ని వెతుకు. నీ 20 వేలు ఎక్కడికీ పోవు.’